చంద్రుడి మీద దిగిన కంప్యూటర్ చిన్నది కాదు

ఏటా జులై 20 దగ్గరపడగానే మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. "మీ జేబులో ఉన్న ఫోన్ ముందు, మనిషిని చంద్రుడి మీద దింపిన కంప్యూటర్ ఎందుకూ పనికిరాదు" అని. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. "అంత డొక్కు మెషీన్‌తో ఎలా వెళ్ళారో పాపం" అని ఒకరు, "వాళ్ళకి మన ఫోన్ దొరికుంటేనా!" అని ఇంకొకరు. ముప్ఫై ఏళ్ళుగా కంప్యూటర్ల మీదే అన్నం తింటున్నవాణ్ణి. ఆ "పాపం" అనే మాట చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అంకెలు తప్పని కాదు నా బాధ. ఆ అంకెలు పట్టుకుని చేసే పోలిక తప్పు. ఈసారి గ్రూపులో జవాబు రాయబోతే అది పెరిగి పెరిగి ఇంత అయింది.

అంకెలు ముందే చెప్పేస్తాను. 1969లో చంద్రుడి మీద దిగిన ఆ నౌకని నడిపిన అపోలో గైడెన్స్ కంప్యూటర్‌లో పని జరుగుతుండగా రాసుకుని చెరిపేసుకునే మెమొరీ 2,048 పదాలు. ఒక్కో పదానికి 16 బిట్లు, అంటే మన లెక్కలో 4 కిలోబైట్లు. ప్రోగ్రాం ఉండే స్థిరమైన మెమొరీ 36,864 పదాలు, అంటే సుమారు 72 కిలోబైట్లు. మా అమ్మ పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు.

కానీ ఆ 72 కిలోబైట్లు ఎలా తయారయ్యాయో తెలిస్తే మా ఇంట్లో ఎవరూ దాన్ని చిన్నది అనరు. ఎందుకంటే వాటిని నేశారు. నిజంగానే, చేత్తో, సూదితో.

మాది ధర్మవరం. మా తాత పట్టుచీరలు నేసేవాడు. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. గుంత మగ్గం పైన చిల్లుల అట్టలు దండలాగా ఒకదానికొకటి కట్టి వేలాడుతుండేవి. తాత కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి ముందుకొచ్చేది. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, చిల్లు లేనిచోట లేవదు. లేచిన దారాల కిందనుంచి నాడె దూసుకుపోతుంది. అంతే, చీర అంచు మీద హంస ముక్కు మొదలవుతుంది. ఒక్క చిల్లు తప్పు పడితే హంసకి మెడ విరుగుతుంది. ఆ తప్పు ఏ అట్టలో ఉందో కనిపెట్టడానికి తాత ఒకసారి రెండు రోజులు మగ్గం ఆపేశాడు. ఆ రెండు రోజుల కూలీ పోయింది. అయినా దొరికిందాకా వదల్లేదు.

అపోలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా అలాగే తయారైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్తామ్ అనే ఊరుంది. అక్కడి రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో బిగించిన సన్నటి అయస్కాంతపు రింగుల్లోంచి సూదితో రాగి తీగ దూర్చేవారు. తీగ రింగులోంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. బట్టల మిల్లుల్లో, గడియారాల కంపెనీలో చెయ్యి తిరిగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. తర్వాత ఏ రింగులోంచి దూర్చాలో చూపించడానికి ఒక యంత్రం ఉండేది. ఆ యంత్రాన్ని నడిపేది చిల్లులు కొట్టిన కాగితపు టేపు! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అట్టలో చిల్లు, చిల్లు చెప్పినచోట దారం. మా తాత మగ్గమే అది, నేసింది మాత్రం చంద్రుడికి దారి.

అలా నేసిన దాన్ని రోప్ మెమొరీ అనేవారు. నేయడానికి వారాలు పట్టేది. నేసి, పెట్టెలో పెట్టి బిగించాక మార్చడం దాదాపు కుదరదు. ఇప్పుడు మనం తప్పు ఉన్నా ముందు వదిలేసి, తర్వాత అప్‌డేట్ పంపిస్తాం. ఎంఐటీలో ఆ ప్రోగ్రాం రాసిన మార్గరెట్ హామిల్టన్ బృందానికి ఆ వెసులుబాటు లేదు. ప్రయోగానికి నెలల ముందే రాసినదంతా ఖరారు చేసి నేతకి పంపాలి. అందుకే ఒక్కో పదం ఎందుకుందో, దాన్ని తీసేస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలిసి ఉండాల్సి వచ్చింది. చోటు లేక ఒక్కో పదం దగ్గరా వాదించుకున్నారు. కంప్యూటర్ చిన్నదా పెద్దదా అని తేల్చడానికి నా కొలత అక్కడ మొదలవుతుంది. లోపల ఎంత పడుతుందని నేను అడగను. లోపల ఉన్నది ఎంతవరకు మనుషులకి తెలుసు అని అడుగుతాను.

ఈ కొలత ఎంత పనికొస్తుందో 1969 జులై 20న తేలింది.

ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి వైపు దిగుతున్నారు. నేల ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా కంప్యూటర్ మీద 1202 అనే అంకె వెలిగింది. అలారం. వాళ్ళిద్దరికీ అదేంటో తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో అప్పటిదాకా లేని టెన్షన్ వినిపిస్తుంది, ఆ రికార్డింగ్ ఇప్పటికీ వినొచ్చు. హ్యూస్టన్‌లోని కంట్రోల్ రూంలో ఆ క్షణాన తేల్చి చెప్పాల్సిన స్టీవ్ బేల్స్ వయసు 26. వెనక గదిలోంచి అతనికి సాయం చేస్తున్న జాక్ గార్మన్ వయసు 24. ఆ నెల మొదట్లోనే జరిగిన ఒక రిహార్సల్లో ఇలాంటి అలారమే వస్తే బేల్స్ ల్యాండింగ్ రద్దు చేయమన్నాడు. తర్వాత చూస్తే ఆ రద్దు అక్కర్లేదని తేలింది. దాంతో అన్ని అలారాలకీ అర్థాలు రాసిపెట్టుకోమని పైవాళ్ళు ఆదేశించారు. గార్మన్ చేత్తో ఒక జాబితా రాసి బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు. జులై 20న ఆ కాగితం చూసి, ఇది మళ్ళీ మళ్ళీ వరసగా రాకపోతే ఫర్వాలేదు, ముందుకెళ్ళొచ్చు అన్నాడు.

లోపల జరిగింది ఇది. దిగేటప్పుడు అక్కర్లేని ఒక రాడార్ ఆన్‌లో ఉంది. దాని కరెంటు సరఫరాకి, కంప్యూటర్ పక్క సరఫరాకి లయ కలవలేదు. రాడార్ కదలకపోయినా కదులుతున్నట్టు కంప్యూటర్‌కి లెక్కలేనన్ని పల్స్‌లు వచ్చిపడ్డాయి. వాటిని లెక్కపెట్టడానికే దాని సమయంలో ఎనిమిదో వంతు దాకా పోయింది. పనులు పేరుకుపోయాయి, కొత్త పనికి చోటు లేదు. అప్పుడు ఆ కంప్యూటర్ ఏం చేయాలో హాల్ లానింగ్ అనే గణితవేత్త ఏళ్ళ ముందే ఆలోచించి పెట్టాడు. ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది. నిండిపోతే అన్నీ ఆపి, తనంతట తాను మళ్ళీ మొదలై, నౌకని నిలబెట్టే పని, ఇంజన్ నడిపే పని ముందు అందుకుంటుంది. తక్కువ ముఖ్యమైనవి వదిలేస్తుంది. దిగేలోపు నాలుగుసార్లు 1202, ఒకసారి 1201 వచ్చాయి. ఐదుసార్లూ కంప్యూటర్ వదిలేయాల్సినవి వదిలేసి, పట్టుకోవాల్సినవి పట్టుకుంది. ఇంజన్ ఆగకుండా నడిచింది. నేల తాకేసరికి ఒక నిమిషానికి సరిపడా ఇంధనం కూడా మిగల్లేదు.

నా అనుభవం ఒకటి దీని పక్కన పెడతాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట, రాత్రి రెండు గంటలకి బిల్లింగ్ మొత్తం ఆగిపోయింది. పన్నెండుమందిమి కాల్‌లో ఉన్నాం. సర్వర్ల నిండా మెమొరీ. మేం రాసిన కోడ్ కన్నా ఎవరెవరో రాసినవి తెచ్చి కలుపుకున్న కోడ్ పదింతలు ఉంటుంది. తెల్లారేదాకా వెతికాం, ఏమీ దొరకలేదు. చివరికి అన్నీ రీస్టార్ట్ చేశాం, పని చేసింది. "రీస్టార్ట్ తర్వాత సమస్య లేదు" అని రిపోర్ట్ రాసి పడుకున్నాం. ఎందుకు ఆగిందో ఈ రోజుకీ మాలో ఒక్కరికీ తెలియదు. అపోలో కంప్యూటర్ కూడా రీస్టార్టే అయింది. కానీ ఏది పట్టుకుని లేవాలో తెలిసి లేచింది. మేం దండం పెట్టుకుని స్విచ్ నొక్కాం. వీటిలో ఏ మెషీన్ని చూసి "పాపం" అనాలో మీరే చెప్పండి.

ఇక ఫోన్ సంగతి. గ్రూపులో అందరూ గొప్పగా చెప్పే ఆ ఫోన్ పుట్టుకలో ఒక ఆట ఉంది. అది కూడా అదే 1969 వేసవి కథ.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ సౌర కుటుంబంలో నౌక నడిపే ఒక ఆట రాశాడు. స్పేస్ ట్రావెల్ దాని పేరు. గ్రహాల ఆకర్షణకి చిక్కకుండా వెళ్ళి, నచ్చినచోట దిగాలి. పెద్ద కంప్యూటర్ మీద ఒక్కసారి ఆడితే 75 డాలర్ల దాకా లెక్క పడేది. అప్పటి 75 డాలర్లు! పైగా ఆట కుదుపుగా నడిచేది. ఒక మూల ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ పడి ఉంటే, ఆటని దాని మీదకి తెచ్చాడు. అలా తెచ్చే పనిలోనే ఆ మెషీన్ లోతులు అతనికి తెలిశాయి. ఆ ఆగస్టులో భార్య ఊరెళ్ళిన మూడు వారాల్లో దాని మీదే ఒక ఆపరేటింగ్ సిస్టం నిలబెట్టాడు. అదే యునిక్స్. దాని పద్ధతిలో పుట్టింది లైనక్స్, లైనక్స్ మీద నడుస్తోంది ఆండ్రాయిడ్. "కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలా?" అని మా తరాన్ని తిట్టని పెద్దవాళ్ళు లేరు. వాళ్ళ చేతిలో ఇప్పుడున్న ఫోన్ వంశం అలాంటి ఒక ఆటనుంచే వచ్చింది.

అసలు కంప్యూటర్ తెర మీద మనిషి మొదట్లో ఆడిన ఆటల్లోనే అంతరిక్షం ఉంది. 1962లో ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, అతని స్నేహితులు స్పేస్‌వార్ రాశారు. రెండు నౌకలు, మధ్యలో ఒక నక్షత్రం, దాని ఆకర్షణ. వెనక చుక్కలు ఎలా పడితే అలా ఉంటే నచ్చక, పీటర్ శామ్సన్ నిజం ఆకాశంలోని నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి పెట్టాడు. ఎవరూ అడగలేదు, జీతం లేదు. ఆ పని మీద ప్రేమ, అంతే. జపాన్‌లో 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. శత్రువులు తగ్గేకొద్దీ ఆట వేగం పెరుగుతుంది కదా, మొదట అది ఎవరూ కావాలని పెట్టింది కాదు. బొమ్మలు తగ్గేసరికి చిప్‌కి పని తగ్గి, తనే వేగం అందుకుంది. ఆ ఆట తయారుచేసిన నిషికాడో అది చూసి, బాగుందని అలాగే ఉంచాడు. తన మెషీన్ ఎక్కడ ఆయాసపడుతుందో తెలిసినవాడికే అది లోపంగా కాక ఆటలో భాగంగా కనిపిస్తుంది.

ఇప్పుడు నన్ను కంప్యూటర్ల వైపు లాగిన ఆట.

అంతకన్నా ముందు స్కైలాబ్ మాట. 1979లో నాకు ఐదారేళ్ళు. అమెరికావాళ్ళ 77 టన్నుల స్టేషన్ ఆకాశంలోంచి పడుతోందని, ఎక్కడ పడుతుందో తెలియదని ఊళ్ళన్నీ వణికిపోయాయి. ఎట్లాగూ పోతాం కదా అని కోళ్ళు, మేకలు కోసుకుని తిన్నవాళ్ళ కథలు తెలుగునాట ప్రతి జిల్లాలో ఉన్నాయి. జులై 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి అంచున పడింది. ఆ రాత్రి అవ్వ నన్ను కొంగులో చుట్టుకుని మగ్గం గుంతలో కూర్చుంది, ఇంటికి పైకప్పు ఉన్నా గుంతయితే ఇంకా భద్రమని. ఆకాశంలోకి వెళ్ళినది ఏదైనా కిందికి ఎలా వస్తుందనేదే నాకు తెలిసిన మొదటి అంతరిక్ష ప్రశ్న.

1991లో ఇంటర్ అయ్యాక చిన్నాయన అనంతపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టాడు. చెప్పులు బయట విప్పాలి. లోపల ఏసీ చల్లదనం, ఆకుపచ్చ అక్షరాల తెర, పాలిథిన్ కవర్ కప్పిన కీబోర్డు. రోజుకి ఒక గంట మెషీన్. మిగతా సమయమంతా ప్రోగ్రాం లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకోవడమే. సీనియర్ ఒకడు నలిగిపోయిన జిరాక్స్ కాగితాలు ఇచ్చాడు. లూనార్ ల్యాండర్ అనే ఆట, బేసిక్ భాషలో.

దాని చరిత్ర నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అపోలో 11 దిగిన కొద్ది నెలలకే, 1969లోనే, మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో జిమ్ స్టోరర్ అనే హైస్కూల్ కుర్రాడు వాళ్ళ బడిలోని పీడీపీ-8 మీద రాశాడు. తర్వాత డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్‌లోకి మార్చి 1973లో పుస్తకంలో వేశాడు. అక్కణ్ణుంచి చేతులు మారి మారి అనంతపురం దాకా వచ్చింది. బొమ్మల్లేవు, అన్నీ అంకెలే. నేల 120 మైళ్ళ దూరంలో ఉంది, మీ వేగం గంటకి 3,600 మైళ్ళు, ఇంధనం సుమారు 16,000 పౌండ్లు. ప్రతి 10 సెకన్లకీ ఎంత మండించాలో మీరు చెప్పాలి. తప్పితే చంద్రుడి మీద ఎన్ని అడుగుల లోతు గుంత పడిందో చెబుతుంది.

మొదటి వారమంతా గుంతలే. నేను ముందు జాగ్రత్తగా పై నుంచే కొద్దికొద్దిగా బ్రేకు వేస్తూ దిగేవాణ్ణి. నేల కనిపించే లోపే ఇంధనం అయిపోయేది. గెలవాలంటే మనసుకి విరుద్ధంగా చేయాలి. చాలాసేపు ఏమీ మండించకుండా పడిపోనివ్వాలి, చివర్లో మొత్తం తెరవాలి. ఎందుకో కాగితం మీద లెక్క వేసుకుంటే అర్థమైంది. తొందరగా మండిస్తే ఎక్కువసేపు గాల్లో వేలాడతాం. వేలాడినంతసేపూ ఆకర్షణ లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడికి కట్టే కప్పం అంతా ఇంధనమే. రెండేళ్ళు ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టింది ఆ మధ్యాహ్నం నా చేతికి తగిలింది.

ప్రోగ్రాంలో ఒక లైన్ ఉండేది, జీ విలువ 0.001 అని. సెకనుకి సెకనుకి మైళ్ళలో చంద్రుడి ఆకర్షణ అది. దాన్ని 0.006 చేశాను, అంటే దాదాపు భూమి. ఆ తర్వాత ఏం చేసినా దిగలేకపోయాను. లెక్క వేస్తే ఉన్న ఇంధనం మొత్తం సరిగ్గా వాడినా ఆ వేగాన్ని చంపడానికి చాలదు. ఒక్క అంకె మారిస్తే లోకం మారిపోయింది! ఆ రోజు కరెంటు పోయి, సేవ్ చేయనిదంతా పోయింది. మళ్ళీ మొదటినుంచీ టైప్ చేశాను. రెండోసారి టైప్ చేస్తున్నప్పుడు కాగితం చూడక్కర్లేకపోయింది. ప్రతి లైన్ ఎందుకుందో తెలుసు. ఆ తెలిసిన సంతోషం కోసమే ఈ వృత్తిలోకి వచ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది మళ్ళీ దొరికింది చాలా తక్కువసార్లు.

ఇంకో సంగతి. ఆ ఆటలో ఒక తప్పుంది. 2024లో మార్టిన్ అనే ఒక ప్రోగ్రామర్ అన్నిటికన్నా తక్కువ ఇంధనంతో దిగే పద్ధతి లెక్క వేస్తుంటే ఆట ఒప్పుకోలేదు. తవ్వుకుంటూ పోతే, 1969లో ఒకచోట రెండుతో భాగించడం తప్పిపోయిందని దొరికింది. 55 ఏళ్ళ తర్వాత! దొరకడానికి కారణం ఒకటే. ఆ ప్రోగ్రాం మొత్తం ఒక మనిషి కళ్ళముందు పట్టేంతే ఉంది. తప్పు లేని ప్రోగ్రాం ఉండదు. తప్పుని వెతికి పట్టుకోగలిగేంత తెలిసిన ప్రోగ్రాం ఉంటుంది. నేను మెచ్చుకునేది దాన్ని.

1969 మనది కూడా. ఇస్రో పుట్టింది ఆ ఏడాది ఆగస్టు 15న. అదే ఏడాది హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. ఆ సంస్థని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఇవాళ ఆయన పేరు చాలామందికి ఒక కాలనీగా, ఒక బస్ స్టాపుగా మాత్రమే తెలుసు. వాల్తామ్‌లో తీగ దూర్చిన ఆడవాళ్ళ గురించి ధర్మవరంలో పుట్టిన నేను ఇంత చెప్పగలుగుతున్నానంటే, వాళ్ళు తమ ఫొటోలు, ప్రోగ్రాం కాగితాలు, జ్ఞాపకాలు దాచుకున్నారు కాబట్టి. అపోలో ప్రోగ్రాం ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. మన టీడీసీ బోర్డులకి టంకం పెట్టినవాళ్ళు, వాటి మీద మొదటి ప్రోగ్రాం రాసినవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉంటారు. మీ ఇంట్లో అలాంటి తాతయ్య, నాయనమ్మ ఉంటే దయచేసి ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. ఫోన్ ఆన్ చేసి రికార్డు పెట్టండి. ఆ ఫోన్‌కి అంతకన్నా మంచి పని నాకు తోచడం లేదు.

"ఇదంతా పాతకాలం మీద మోజు" అని నాతో వాదించే తమ్ముడొకడున్నాడు. అతను ఇప్పుడు కార్లలో వాడే చిప్‌ల పని చేస్తాడు. 4 కిలోబైట్లతో చంద్రయాన్-3 దిగేదా అని అడిగాడు. దిగేది కాదు, ఒప్పుకుంటాను. కెమెరాతో నేలని చూసుకుంటూ, రాళ్ళు గుంతలు తప్పించుకుని, లోపల మనిషి లేకుండా దిగాలంటే చాలా లెక్కబలం కావాలి. బలం వద్దని నేననను. బలం పెరిగినప్పుడల్లా తెలుసుకోవడం తగ్గాలనే రూలు ఎక్కడా లేదని అంటున్నాను. చంద్రయాన్-2 సంగతే చూడండి. 2019 సెప్టెంబరు 7న విక్రమ్ కూలిపోయింది. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలం ఇచ్చాయి, తేడాలు పేరుకున్నాయి. నౌక వేగంగా తిరగాల్సి వస్తే, అంత వేగంగా తిరగకుండా ప్రోగ్రాంలో హద్దు పెట్టి ఉంది. దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే. ఈ కారణాలన్నీ అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు తర్వాత బయటికి చెప్పారు. చంద్రయాన్-3కి దిగే చోటు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. ఇంధనం పెంచారు, కాళ్ళు గట్టిపరిచారు, ఐదో ఇంజన్ తీసేశారు. ఎక్కడెక్కడ తప్పు జరగొచ్చో ముందు రాసుకుని, దాని చుట్టూ నౌకని కట్టారు. గార్మన్ అద్దం కింద పెట్టుకున్న కాగితం గుర్తొచ్చింది నాకు.

ఆ తమ్ముడికి నేనిచ్చిన ఇంకో జవాబు నాసా పంపిన వోయేజర్-1 అనే నౌక. 1977 సెప్టెంబరు 5న బయల్దేరింది. దాని మీదున్న కంప్యూటర్లన్నీ కలిపినా మెమొరీ సుమారు 70 కిలోబైట్లు. 1990 ఫిబ్రవరి 14న వెనక్కి తిరిగి భూమిని ఒక చుక్కగా ఫొటో తీసింది. ఆ పని అవగానే కెమెరాలు ఆపేశారు, తర్వాత వాటి ప్రోగ్రాం కూడా తీసేసి ఆ చోటు మిగతా ప్రయాణానికి ఇచ్చారు. కళ్ళు వదులుకుని చెవులు కాపాడుకుంది.

2023 నవంబరులో అది అర్థం లేని ఒకట్లు, సున్నాలు పంపడం మొదలుపెట్టింది. 2,400 కోట్ల కిలోమీటర్ల దూరం. ఇక్కణ్ణుంచి మాట చేరడానికి 22 గంటల 30 నిమిషాలు, జవాబు రావడానికి మళ్ళీ అంతే. వెళ్ళి విప్పి చూడలేరు. రీస్టార్ట్ చేసి దండం పెట్టుకునే పని కాదు. నాసా ఇంజనీర్లు దశాబ్దాల నాటి కాగితాలు బయటికి తీశారు. తమకన్నా ముందువాళ్ళు, వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు, ఏ పదం ఏ చోట పెట్టారో చదువుకుంటూ వెళ్ళారు. నౌక తన మెమొరీ మొత్తం పంపేలా చేసి, దాన్ని పాత ప్రతితో పోల్చారు. ఒక్క చిప్ చచ్చిపోయిందని, దాంట్లో ఉన్న ప్రోగ్రాం ముక్క పోయిందని కనిపెట్టారు. ఆ ముక్క మొత్తం పెట్టడానికి ఇంకెక్కడా ఒకేచోట ఖాళీ లేదు. అందుకని ముక్కల్ని ఇంకా ముక్కలు చేసి, దొరికిన సందుల్లో దూర్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారులు సరిచేశారు. తెగిన పడుగు పోగులు పక్క పోగులకి ముడేసి అతికినట్టు. 2024 ఏప్రిల్ 18న పంపారు. 20న వోయేజర్ మళ్ళీ మాట్లాడింది.

ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో చెప్పుకోలేనంత ఉద్వేగపడ్డాను. 46 ఏళ్ళ కింద రాసినవాడి ఆలోచన ఇవాళ్టివాడు చదివి, అర్థం చేసుకుని, దానికి తన చెయ్యి కలిపాడు. ఇవాళ మనం రాస్తున్న దాన్ని 46 ఏళ్ళ తర్వాత ఎవరైనా అలా విప్పి చదవగలరా? మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటి వారం వేరే పనివ్వడం మానేశాను. లూనార్ ల్యాండర్ కాగితం ఇస్తాను. టైప్ చేయండి, ఏదో ఒక అంకె మార్చండి, ఏమైందో నాకొచ్చి చెప్పండి అంటాను. కొందరికి విసుగే. ఒకమ్మాయి మాత్రం శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వచ్చి, "సార్, ఇంధనం బరువు కూడా లెక్కలో ఉంది, అందుకే చివర్లో బ్రేకు అంత గట్టిగా పడుతోంది" అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

2023 ఆగస్టు 23 సాయంత్రం సెలవు పెట్టి ధర్మవరం వెళ్ళాను. తాత, అవ్వ లేరు. మగ్గం లేదు, ఆ గుంత పూడ్చి గచ్చు చేశారు. చిల్లుల అట్టల కట్ట ఒకటి మాత్రం అమ్మ అటక మీద గుడ్డలో చుట్టి ఉంచింది. ఆ గచ్చు మీదే అందరం టీవీ ముందు కూర్చున్నాం. నౌక 30 కిలోమీటర్ల ఎత్తునుంచి దిగడం మొదలుపెట్టింది. తెర మీద బొమ్మ పెద్దగా ఏమీ లేదు. ఆకుపచ్చ గీత ఒకటి కిందికి వంగుతోంది, పక్కన అంకెలు. ఎత్తు ఇంత, అడ్డంగా వేగం ఇంత, నిలువుగా వేగం ఇంత. అవే అంకెలు, అదే వరస. బెంగళూరు దగ్గర బైలాలులో ఉన్న 32 మీటర్ల ఏంటెనా ఈసీఐఎల్ కట్టినదేనని మా మేనల్లుడికి చెప్పబోయాను గానీ గొంతు పెగల్లేదు. 800 మీటర్ల దగ్గర కాసేపు ఆగినట్టయింది. 150 మీటర్ల దగ్గర మళ్ళీ ఆగింది, కింద రాళ్ళున్నాయేమోనని చూసుకుంటోంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

అమ్మ టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా నా మోచెయ్యి పట్టుకుని, "ఇంకా పెట్రోలు ఎంతుందిరా దాంట్లో?" అని అడిగింది.